అరకప్పు మర్యాద

పెళ్ళయి నెల తిరక్కుండానే కొత్త కోడలు అత్తవారింటి గొప్పల మీద ఒక పుస్తకం రాసేంత సరుకు పోగుచేసుకుంది. రోజూ సాయంత్రం మేడ మీది వరండాలో నిలబడి తల్లికి ఫోన్ చేసేది. కొత్తగా కాపురానికి వెళ్ళిన కూతురి ఫోన్ మోగగానే ఏ ఏడుపు వినాల్సి వస్తుందోనని ఆ తల్లి గుండె దిటవు చేసుకుని ఎత్తేది. అవతలి నుంచి వినిపించేది మాత్రం పకపకలు.

"అమ్మా, వీళ్ళింట్లో టీ కప్పు నిండా పొయ్యరే! సరిగ్గా సగం. అది తాగాక మళ్ళీ సగం. నిండా పోసి చేతికివ్వడం మొరటుతనమట. ఎంత నాజూకో చూడు!"

"మరి మనింట్లో నిండా పోస్తాం కదే."

"అదే మరి. మనం మొరటువాళ్ళం."

"సరేలే, మొరటుదాన్ని అడుగుతున్నా, అన్నం తిన్నావా?"

ఆ ఇంటికి కింద కుట్టు దుకాణం, పైన కాపురం, మధ్యలో పదమూడు మెట్లు. మామగారు కోట్లు కుట్టడంలో పేరు మోసిన టైలరు. వీధి వీధంతా ఆయన్ని మాస్టారనే పిలుస్తుంది. మెడలో టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. ఆయనా, అత్తగారూ, కాలేజీలో చదువుతున్న ఆడపడుచూ, కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు బిగించే భర్తా. ఇంతే సంసారం. కోడలు రెండో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పే టీచరు. పెళ్ళికని పెట్టిన సెలవు ఇంకా కొంత మిగిలి ఉంది. ఆ సెలవంతా ఆమె ఈ ఇంటిని చూసి మురిసిపోవడానికే ఖర్చుపెడుతోంది.

మురిసిపోవడానికి ఆ ఇంట్లో కరువేమీ లేదు. పొద్దున్నే అత్తగారు కిటికీ దగ్గర కూర్చుని పది సూదుల్లో దారం ఎక్కించి, వరసగా చిన్న దిండుకు గుచ్చిపెడుతుంది. మాస్టారు లేచేసరికి సూదులన్నీ సిద్ధం. "పాతికేళ్ళ పైమాటే అమ్మాయ్, ఆయన చేత సూదిలో దారం ఎక్కించనివ్వలేదు నేను," అంది అత్తగారు ఒకరోజు. కొత్త కోడలికి కళ్ళు చెమర్చాయి. ప్రేమంటే పూలూ ఉత్తరాలూ అనుకుంటారు గానీ, పాతికేళ్ళు సూదిలో దారం ఎక్కించడం కదా ప్రేమంటే!

దుకాణంలో కూడా ఆ దంపతులది చూడముచ్చటైన జోడీ. మాస్టారు కస్టమరు ఒంటికి టేపు చుట్టి, "ఛాతీ నలభై రెండు!" అని కేక పెడతారు. అత్తగారు ఆ పెద్దమనిషిని ఒక్కసారి ఓరకంట చూసి, పుస్తకంలో ముప్పై ఎనిమిది అని రాసుకుంటుంది. కత్తిరించేది ఆవిడ, కుట్టేది ఆవిడ, గుండీ ఊడితే మాట పడేది ఆవిడ. బోర్డు మీద పేరు మాత్రం ఆయనది. దీనికి కోడలు పెట్టిన పేరు అన్యోన్యత.

మాస్టారి చెప్పుల వెనక మడమ దగ్గర సాగే పట్టీ కుట్టి ఉంటుంది, నడక నేర్చే పిల్లల చెప్పులకు ఉన్నట్టు. "కాల్లోంచి చెప్పు జారిపోయినా నాన్నకి తెలీదు వదినా, వట్టికాలితోనే వీధి చివరిదాకా పోతారు," అని ఆడపడుచు చెప్పింది. చెప్పేటప్పుడు నవ్వలేదు. కోడలే ఇద్దరి వంతూ నవ్వేసి, కళాకారులంటే అంతే, కాళ్ళు నేల మీద ఉండవు అనుకుంది. ఆయన అరచేతులు గులాబీ రంగులో మెరుస్తుంటాయి. బట్ట పట్టుకునే చేయి కదా, అంత మృదువు. కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఉన్నా పొట్ట మాత్రం నిండుగా, కలిగిన ఇంటి పెద్దలా ఉంటుంది.

ఇక సాయంత్రం ఆరింటికి మాస్టారు "కాస్త గాలి పీల్చుకొస్తా" అని బయల్దేరతారు. ఏడున్నరకు కొడుకు ఎదురెళ్ళి, ఆయన చెయ్యి తన భుజం మీద వేసుకుని, నడుం చుట్టూ చెయ్యి చుట్టి, మెల్లగా ఇంటికి తీసుకొస్తాడు. ఎదిగిన కొడుకు తండ్రిని అంత దగ్గరగా పట్టుకుని నడవడం కొత్త కోడలు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. వరండాలోంచి ఫోటో తీసి తల్లికి పంపింది. "మీ నాన్నా అన్నయ్యా ఒక బల్ల మీద కూర్చోవడమే గగనం, వీళ్ళెవరే తల్లీ!" అని తల్లి కూడా ఆశ్చర్యపోయింది.

పొద్దున పదింటిదాకా ఆ ఇంట్లో అందరూ గుసగుసగానే మాట్లాడుకుంటారు. గిన్నె మీద గిన్నె పెడితే అత్తగారి ముఖం మాడిపోతుంది. ఎంత ప్రశాంతత! ఇల్లంతా ఎప్పుడూ మరకలు తీసే మందు వాసన. టైలరింటికి అది ఉండాల్సిందే కదా. ఒకసారి కోడలి కొత్త బట్టల మీద టీ ఒలికితే, బల్ల కింద ఉన్న మరకల మందు డబ్బా తీసి గుడ్డ ముంచి బరబరా రుద్దింది. మరక ఇసుమంత కదల్లేదు గానీ, ఇంట్లో ఉన్న ముగ్గురూ మూడు దిక్కుల నుంచి పరుగెత్తుకొచ్చారు.

"అయ్యో అయ్యో, అది ముట్టుకోకమ్మాయ్! అది ఖరీదైన కోట్లకి మాత్రమే వాడేది!" అని అత్తగారు డబ్బా లాక్కుంది.

"మరక పోలేదత్తయ్యా."

"టీ మరకలకి పనిచెయ్యదది."

ఆ మాట అబద్ధం కాదు. ఆ ఇంట్లో అబద్ధాలు చెప్పేవాళ్ళు కారు; నిజాన్ని కొలత తగ్గించి కుట్టేవాళ్ళు.

ఇంటి పద్ధతులన్నీ ఒంటబట్టించుకోవాలని కోడలి ఉబలాటం. ఒకరోజు భర్తకు టీ తెచ్చి చేతికిచ్చింది. సరిగ్గా సగం, గీత గీసినట్టు. అతను కప్పులోకి చాలాసేపు చూశాడు.

"నాకెందుకు సగం?"

"మీ ఇంటి మర్యాదే కదండీ. నేను నేర్చేసుకున్నా!"

అతని చెవులు ఎర్రబడ్డాయి. టీ ఒక్క గుక్కలో తాగేసి, సంచి భుజాన వేసుకుని బయల్దేరాడు. ఆ సంచిలో రోజూ ఏవో గాజు సీసాలు గలగలమంటాయి. కళ్ళద్దాలు తుడిచే మందు సీసాలు కాబోలని ఆమె ఎప్పుడూ అడగలేదు. భర్త సిగ్గు చూసి ఆ రోజంతా కడుపు నిండిపోయినట్టు తిరిగింది.

* * *

మంగళవారం పొద్దున పదకొండు గంటలకు మాస్టారు ఆ పదమూడు మెట్లలో ఏడు మాత్రమే దిగారు. మిగతా ఆరూ వాటంతటవే దిగిపోయాయి.

"మెట్టు తడిగా ఉంది," అంది అత్తగారు, వచ్చిన ఇరుగుపొరుగుతో. మెట్లు ఎండి పొడిగా ఉన్నాయి. అందరూ వాటి వైపు చూసి, "అవునవును, తడే," అన్నారు. వీధికి వీధే ఆ కళలో ఆరితేరింది.

ఆసుపత్రిలో తుంటి ఎముక విరిగిందన్నారు, మర్నాడు ఆపరేషనన్నారు. అరవైకి దగ్గరపడ్డ ఒక నర్సు కాగితాల అట్ట పట్టుకుని మంచం పక్కన నిలబడి ప్రశ్నలు మొదలుపెట్టింది. షుగరు? లేదు. పొగ? లేదు.

"మందు?"

"ఛఛ!" అంది అత్తగారు. "ఆ మాటే మా ఇంట్లో వినపడకూడదు." అది మాత్రం అక్షరాలా నిజం.

"నాన్నకి వాసనే పడదు," అంది ఆడపడుచు. భర్త నేల మీది పలకలు లెక్కపెడుతూ తల ఊపాడు. ముగ్గురి జవాబులూ ఒకే మిషను మీద కుట్టినట్టు అతుకు కనబడకుండా ఉన్నాయి. కొత్త కోడలికి తను మాత్రం వెనకబడటం నచ్చలేదు.

"దగ్గు మందు కూడా తాగరండీ మా మామయ్య!" అని గర్వంగా చెప్పింది.

నర్సు కళ్ళజోడు పైనుంచి ఆమెను ఒక చూపు చూసి, కాగితం మీద 'లేదు' అని రాసుకుంది.

బుధవారం ఆపరేషను బాగా జరిగింది. "ఎముక సుద్దముక్కలా పొడిపొడిగా ఉంది, ఈ వయసుకి ఇలా ఉండకూడదు," అని డాక్టరు నొసలు చిట్లించాడు. గురువారం మాస్టారి చేతులు వణకడం ఎక్కువైంది, చెమటలు పోశాయి. నీరసమన్నారు ఇంటివాళ్ళు. శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి కోడలు ఫ్లాస్కులో టీ తీసుకుని వార్డులోకి వెళ్ళేసరికి, మాస్టారు మంచం మీద పడుకునే కోటు కుడుతున్నారు.

గుడ్డ లేదు, కత్తెర లేదు. ఎడమచేత్తో గాల్ని సాగదీసి పట్టుకుని, కుడిచేతి రెండు వేళ్ళతో కరకర కత్తిరిస్తున్నారు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"వచ్చావా? ఆ అంచు పట్టుకో అమ్మాయ్, జారిపోతోంది," అన్నారు.

పెద్దవాళ్ళు చెబితే పట్టుకోవాలి కదా. ఆమె ఫ్లాస్కు కింద పెట్టి, రెండు వేళ్ళతో గాలి అంచు పట్టుకుని నిలబడింది.

"గట్టిగా. ముడత పడుతోంది. ఎవడిదో గానీ ఈ కోటుకి మూడు చేతులమ్మా. మూడో చెయ్యి ఎక్కడ పెట్టను?"

"వెనక పెడదాం మామయ్యా," అంది ఆమె, గాలి అంచు వదలకుండా.

ఆయన ఆ సలహా మెచ్చుకున్నారు. తర్వాత ఒక కన్ను మూసి, గాల్లోని సూదిని కిటికీ వెలుతురుకు ఎత్తి, దారం తడిచేసి, ఒక్క దెబ్బలో ఎక్కించారు. పాతికేళ్ళ తర్వాత మాస్టారు తన సూదిలో తనే దారం ఎక్కించుకున్న రోజది. సూదీ లేదు, దారమూ లేదు.

అంతలో దుప్పటి మీద గుండుసూదులు పాకుతున్నాయని కేకలు మొదలయ్యాయి. వాటిని దులపడానికి కొత్తగా అతికించిన కాలితోనే లేవబోయారు. ఇద్దరు పట్టుకుంటే ఆగలేదు, నలుగురు పట్టుకుని చేతులు మంచానికి కట్టేశారు. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. గుండె కొట్టుకుంటున్న వేగం చూపించే చిన్న తెర దబదబా అంకెలు మారుస్తోంది. డాక్టరు పరుగెత్తుకొచ్చి, చూసి, అత్తగారినీ పిల్లల్నీ పక్కకి పిలిచాడు.

"కుట్లకి చీము పట్టిందా అంటే కనబడటం లేదు. పడినప్పుడు తలకి దెబ్బ తగిలిందేమో స్కాన్ తీయించాలి. ఇంకోటి ఏదైనా ఉంటే ఇప్పుడే చెప్పండి. రోజూ వేసుకునే మాత్రలు, మందు, ఏదైనా సరే. నాకు తెలియకపోతే తప్పు వైద్యం చేస్తాను. ఈ గుండె ఇలాగే కొట్టుకుంటే సాయంత్రం దాకా ఆగుతుందన్న నమ్మకం నాకు లేదు."

"ఏ అలవాటూ లేదు డాక్టరుగారూ," అంది అత్తగారు. "పని, ఇల్లు. ఇల్లు, పని."

ఆడపడుచు చున్నీ కొస కొరుక్కుంటోంది. భర్త మళ్ళీ పలకలు లెక్కపెడుతున్నాడు. కట్టిన చేతులతోనే మాస్టారు కోటు కుడుతూ ఉన్నారు.

* * *

డాక్టరు స్కానుకి ఏర్పాటు చేయడానికి వెళ్ళాడు. ముసలి నర్సు సెలైను సీసా మారుస్తోంది. చేతులు ఊరికే ఉంటే భయం వేస్తోందని కోడలు ఫ్లాస్కు తెరిచి నర్సుకు టీ పోసిచ్చింది. నర్సు కప్పులోకి చూసింది.

"ఏం తల్లీ, మిగతా సగం ఎవరికి దాచిపెట్టావు?"

"అయ్యో, దాచడం కాదండీ. మా అత్తవారింట్లో సగమే పోస్తారు. అది మర్యాద."

"ఎవరికి పోసినా సగమేనా?"

"మామయ్యకి. ఆయనతో పాటు మాకూ." చెప్పడం మొదలుపెట్టాక కొత్త కోడలికి ఆగడం చేతకాదు. మామయ్య బాగున్న రోజుల గురించి మాట్లాడితే ఆయన బాగైపోతారని ఒక పిచ్చి ఆశ. "మా ఇల్లు చాలా ముచ్చటైన ఇల్లండీ. మా అత్తయ్య రోజూ మామయ్య సూదుల్లో దారం ఎక్కించి పెడుతుంది. చెప్పులకి పట్టీలు కుట్టింది, కాల్లోంచి జారినా ఆయనకి తెలీదని. సాయంత్రం మా ఆయన ఎదురెళ్ళి భుజం మీద చెయ్యేయించుకుని తీసుకొస్తారు. పొద్దున పదింటిదాకా ఎవరూ గట్టిగా మాట్లాడరు..."

నర్సు టీ తాగడం ఆపేసింది. "ఇంట్లో ఏదైనా వాసన వస్తుందా?"

"మరకలు తీసే మందు. కానీ అది మరకలకి పనిచె..."

మాట మధ్యలో తెగిపోయింది. రెండో తరగతి టీచరు మరీ తెలివితక్కువదేం కాదు. నెల రోజులుగా మురిపెం అడ్డమొచ్చిందంతే.

నర్సు కప్పు పక్కన పెట్టింది. "పెళ్ళయి ఎన్నాళ్ళయింది తల్లీ?"

"ముప్పై నాలుగు రోజులు."

"మా పుట్టింట్లో కూడా సగం కప్పే. వణికే చేతికి నిండు కప్పు ఇస్తే ఒలుకుతుందని. మా నాన్నకి." ఆవిడ మాస్టారి అరచేతిని వెలుతురుకు తిప్పి చూసింది. "రోజూ తాగే ఒంటికి మంగళవారం నుంచి చుక్క పడలేదు. ఒళ్ళు తిరగబడింది. ఇది పిచ్చి కాదు, తల దెబ్బా కాదు. దీనికి వేరే మందుంది, ఇస్తే నిలబడతారు. నేను డాక్టరుకి చెబుతా. కానీ నాది అనుమానం. ఎంత తాగుతారు, ఎన్నాళ్ళుగా, ఆఖరిసారి ఎప్పుడు, ఇవి ఇంటివాళ్ళ నోటి నుంచి రావాలి. కాగితం మీద 'లేదు' అని ఉంది మరి." ఆగి, "దగ్గు మందు కూడా లేదని ఉంది," అంది.

కోడలు ఫ్లాస్కు మూత బిగించింది.

ఆమె వరండాలోకి వెళ్ళింది. ముగ్గురూ బల్ల మీద వరసగా, దిండుకు గుచ్చిన సూదుల్లా కూర్చుని ఉన్నారు.

"మామయ్య తాగుతారా?"

"నెమ్మదిగా అమ్మాయ్!" అత్తగారు అటూ ఇటూ చూసింది.

"నెమ్మదిగానే అడుగుతున్నా. తాగుతారా?"

"ఒంటినొప్పులకి, ఎప్పుడైనా ఒక చుక్క."

"అప్పుడప్పుడు," అంది ఆడపడుచు.

"పండగలకి... సెలవురోజుల్లో," అన్నాడు భర్త.

ఒక్కొక్కరూ ఒక్కో కొలత. అన్నీ ఛాతీ కంటే చిన్నవే.

"డాక్టరుకి చెప్పాలి. ఇప్పుడే."

అత్తగారు లేచి నిలబడింది. "చెబితే ఆ కాగితం మీద రాస్తారు. రాస్తే ఈ ఊరంతా చదువుతుంది. పాతికేళ్ళుగా ఆ పేరు నిలబెట్టడానికి నా కళ్ళు పోగొట్టుకున్నా. నీకేం తెలుసు? నిన్నగాక మొన్న వచ్చావు."

"అవునత్తయ్యా. అందుకే నా నోరు ఇంకా పనిచేస్తోంది."

"వదినా, నాకు సంబంధాలు..." అంది ఆడపడుచు.

"నాన్న పోయాక వచ్చే సంబంధం కావాలా నీకు?"

భర్త వైపు తిరిగింది. నెల రోజుల్లో మొదటిసారి అతని ముఖం ఆమెకు ముద్దుగా అనిపించలేదు. ఊళ్ళో వాళ్ళందరి చూపూ సరిచేస్తాడు, ఎదురుగా ఉన్నది మాత్రం చూడడు.

డాక్టరు వరండాలోంచి వస్తున్నాడు. నర్సు అతని పక్కనే నడుస్తూ ఏదో చెబుతోంది. కోడలు ఎదురెళ్ళింది.

"డాక్టరుగారూ, మా మామయ్య తాగుతారు. రోజూ. దగ్గు మందు కూడా తాగరని చెప్పింది నేనే. తప్పు నాది."

పక్క మంచం రోగి చుట్టాలు సైతం తలలు తిప్పారు.

"ఎంత?" అన్నాడు డాక్టరు.

ఆమె నోరు తెరిచింది. తెలియదు. నెల రోజులుగా ఆ ఇంటి చిన్న చిన్న వింతలన్నీ ఏరి దాచుకుంది గానీ, ఆ ఒక్క లెక్క ఆమె దగ్గర లేదు.

"ఎంతమ్మా? లీటరా, గ్లాసా? ఎప్పటినుంచి?"

వెనక నుంచి భర్త గొంతు వినిపించింది. కళ్ళద్దాల నంబరు చదివే గొంతు, ఎత్తుపల్లాలు లేకుండా.

"రోజుకి ముప్పావు సీసా. సెలవైతే సీసా. నిరుడు దాకా సగం. పొద్దున ఆరున్నరకి మొదలు, ముఖం కడుక్కోకముందే. మరకల మందు డబ్బాలో పోసి ఉంచుతారు. ఆఖరిసారి మంగళవారం పదింబావుకి. పడే ముందు."

"ఇంత కచ్చితంగా నీకెలా తెలుసు?"

"ఖాళీ సీసాలు పారేసేది నేనేనండీ. ఆరో తరగతి నుంచి. మా వీధిలో ఎవరూ చూడకుండా, బడిసంచిలో, పుస్తకాల కింద పెట్టుకుని వెళ్ళి." అతను భార్య వైపు చూడలేదు. "ఇప్పుడూ అదే దారిలో."

ఆమెకు గలగలలు గుర్తొచ్చాయి.

"ఎన్నేళ్ళుగా?" డాక్టరు అత్తగారిని అడిగాడు. ఆవిడ డాక్టరుకి కాకుండా కోడలికి జవాబు చెప్పింది.

"నేను కాపురానికి వచ్చేనాటికే. మొదటిరోజే మా అత్తగారు చెప్పింది, కప్పులో సగమే పొయ్యమ్మా, మనింటి మర్యాద అని. నేనూ నీలాగే నమ్మాను. రెండు నెలలు నమ్మాను."

"నెల రోజులు ముందున్నాను అయితే," అంది కోడలు. నవ్వాలనే అంది. ఇద్దరికీ నవ్వు రాలేదు.

* * *

మందు సూదులు పడ్డాయి, విటమిన్లు సెలైనులో ఎక్కాయి. ఆ రాత్రి గడవదేమో అనుకున్నారు, గడిచింది. మూడో రోజుకి మూడు చేతుల కోటు మాయమైంది. మాస్టారికి తెలివొచ్చింది. తెలివితో పాటు కోపమూ వచ్చింది.

"ఎవరు చెప్పారు?" అన్నారు.

"నేనే మామయ్యా," అంది కోడలు.

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు. తుంటి నొప్పికి అటు తిరగకూడదని డాక్టరు చెప్పినా సరే. ఆ తర్వాత ఆమెతో మాట్లాడటం మానేశారు. అత్తగారూ అంతంతమాత్రమే. ప్రాణం నిలబెట్టింది నిజమే గానీ, పరువు ఖూనీ చేసింది కదా. ఆ ఇంట్లో రెండోదానికే శిక్ష ఎక్కువ.

ఇంటికి పంపే ముందు డాక్టరు అందర్నీ కూర్చోబెట్టి మాస్టారి ఒంటిని వరసగా విప్పి చూపించాడు. అరచేతుల ఎరుపు కాలేయం చెడినవాళ్ళకి వచ్చే ఎరుపు. నిండుగా కనిపించే ఆ పొట్టలో ఉన్నది నీళ్ళు. చెప్పు జారినా తెలియకపోవడం నరాలు మొద్దుబారడం వల్ల. ఎముక సుద్దముక్క అయిందీ అందువల్లే. తల్లికి కోడలు ఫోన్లో చదివి వినిపించిన జాబితానే డాక్టరు మళ్ళీ చదివాడు, ముద్దు చేయకుండా.

"చిరిగినచోట అతుకు వెయ్యగలను మాస్టారూ," అన్నాడు చివర్లో. "గుడ్డే చీకిపోతే నేనేం చెయ్యను? ఇక్కడితో ఆపితే మిగిలింది మిగులుతుంది. మీ అంతట మీరు ఆపలేకపోతే రండి, మందులున్నాయి, మాట్లాడే మనుషులున్నారు. దాక్కుని మాత్రం తాగకండి. దాచేవాళ్ళూ దాచకండి."

ఇంటికొచ్చిన నాలుగో రోజున పొద్దున ఎనిమిదింటికి, ఇల్లంతా గుసగుసల్లో ఉన్న వేళ, మాస్టారు కూతుర్ని దగ్గరికి పిలిచి గుసగుసగానే ఏదో అడిగారు. ఆడపడుచు, పుట్టాక ఆ ఇంట్లో ఆ వేళప్పుడు ఎవరూ ఎత్తనంత గొంతెత్తింది.

"అమ్మా! నాన్న మరకల మందు డబ్బా అడుగుతున్నాడు!"

కిందనున్న దుకాణం దాకా, ఎదురింటి కిటికీ దాకా వినిపించింది. ఎదురింటావిడ కిటికీ మూయబోయి, మూయలేక, తెరిచే ఉంచింది. మాస్టారు ముఖం మీదికి దుప్పటి లాక్కున్నారు.

"ఎందుకటా?" అంది అత్తగారు వంటింట్లోంచి, తనూ గట్టిగానే. "ఏ మరకకటా?"

కోడలు వంటింట్లో పెద్ద గిన్నె మీద చిన్న గిన్నె ధనామని పెట్టింది. ప్రాణానికి ఎంత హాయిగా ఉందో!

ఆ డబ్బా ఇంట్లో లేదు. అయినా రేపు మళ్ళీ అడుగుతారు, ఎల్లుండీ అడుగుతారు. కాలు కుదిరాక అడగకుండా తనే వెళ్తారేమో. ఆ సంగతి అందరికీ తెలుసు. తెలుసని ఒకరికొకరు పైకే చెప్పుకున్నారు. ఆ ఇంట్లో అది కొత్త.

ఆదివారం పాత కస్టమరు ఒకాయన పలకరించడానికి వచ్చాడు. "ఏమైందమ్మా మాస్టారికి?" అంటూ కుర్చీ లాక్కున్నాడు. అత్తగారు అలవాటు కొద్దీ "మెట్టు త..." అని మొదలుపెట్టి, ఆగి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"తాగి పడ్డారు," అంది. "మీ కోట్లన్నీ కుడుతున్నది కూడా నేనే. టీ తాగుతారా?"

ఆయన తల ఊపాడు.

కోడలు టీ పోస్తోంది. మాస్టారికి సగం పోసింది. చేతులు ఇంకా వణుకుతున్నాయి, ఒళ్ళు కాలితే పాపం కదా. ఆయన కప్పు అందుకుంటూ, పది రోజుల తర్వాత మొదటిసారి, "చక్కెర తక్కువైందమ్మాయ్," అన్నారు. ఆమెకు ఆ నింద పూలదండలా అనిపించింది.

తర్వాత భర్తకు పోసింది. చెయ్యి అలవాటు పడిపోయింది, సగానికి ఆగిపోయింది.

అతను కప్పు తీసుకోలేదు. ఆమె వైపే చూస్తూ, కప్పును వేలితో వెనక్కి నెట్టాడు.

"నిండా పొయ్యి," అన్నాడు. "నా చెయ్యి వణకదు."

ఆమె పోసింది. అంచుదాకా, అంచు దాటి సాసరులోకి, సాసరు దాటి బల్ల మీదికి, అచ్చం పుట్టింటి మొరటుదానిలా.